గుమాస్తా ఖర్చు ఎవరి పద్దులో?

ప్రభుత్వ వైద్యాన్ని గురించి రాసేటప్పుడు మనకు సులువుగా దొరికే దుష్టపాత్ర గుమాస్తా. కథలో రోగి మూలుగుతూ వుంటాడు, గుమాస్తా కాగితం అడుగుతూ వుంటాడు. ఆరోగ్యశాఖ డబ్బంతా ఆఫీసు సిబ్బందే తినేస్తున్నారన్న మాట చదువుకున్నవాళ్ళ నోటా వింటున్నాను. ఈ మాటలో నిజమెంత?

మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వుండాలన్నది జాతీయ ప్రమాణం. పాత లెక్క ప్రకారం అందులో సిబ్బంది 15 మంది, గుమాస్తాలు ఇద్దరే. 5,000 మందికి ఒకటిగా వుండాలన్న ఉపకేంద్రానికైతే గుమాస్తా అసలు లేడు.

గుమాస్తా లేనంత మాత్రాన గుమాస్తా పని లేకుండా పోదు. అది ఏ.ఎన్.ఎం. మీద పడుతుంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట వున్న హంసలదీవి వంటి చివరి ఊళ్ళలో గర్భిణులను చూడడం, టీకాలు వేయడం ఆమె పని. దానితోపాటు దంపతుల రిజిస్టరు, గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, మందుల నిల్వ, నెలవారీ నివేదిక. ఈ రాత తగ్గించడానికే 2016లో మన రాష్ట్రంలో అన్‌మోల్ అనే ట్యాబ్లెట్ పద్ధతి తెచ్చారు. కాని కాగితం పోకుండా ట్యాబ్లెట్ వస్తే రాత రెండింతలవుతుంది.

రోజుకు రెండు గంటలు రాతకు పోతాయనుకుందాం. ఎనిమిది గంటల పనిలో అది పావు వంతు. అంటే నలుగురు ఏ.ఎన్.ఎం.లలో ఒకరి జీతం ఆఫీసు ఖర్చే. బడ్జెటులో మాత్రం అది వైద్యసేవ పద్దులోనే వుంటుంది. గుమాస్తా జీతం అందరికీ కనిపిస్తుంది, ఏ.ఎన్.ఎం. వెళ్ళలేకపోయిన ఇల్లు ఎవరికీ కనిపించదు.

రాతే వద్దని నేననడం లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్న దివిసీమకు జాబితా విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. ఏ బిడ్డకు టీకా అందలేదో తెలియకుండా ప్రజావైద్యం లేదు. ఏ రాత రోగి కోసం, ఏ రాత పైఅధికారి కోసం, ఏ రాత బిల్లు కోసం అన్నదే అసలు ప్రశ్న.

బిల్లు కోసం రాత ఎంత పెరగగలదో అమెరికాలో చూడవచ్చు. 2003లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 1999లో అక్కడి వైద్యవ్యయంలో 31 శాతం పరిపాలనకే పోయింది, కెనడాలో 16.7 శాతం. అమెరికాలో బీమా కంపెనీలు అనేకం. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఫారం. కెనడాలో ప్రధానంగా చెల్లించేది ప్రభుత్వమే. మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు పెద్దాసుపత్రి తలుపు తెరిచిన మాట నిజం. దాని వెంటే ముందస్తు అనుమతులు, క్లెయిములు, వాటిని చూసే సిబ్బంది కూడా వచ్చారు.

కాబట్టి గుమాస్తాను తీసేస్తే ఖర్చు తగ్గదు, చేతులు మారుతుంది. ఉపకేంద్రానికి ఒక గుమాస్తాను ఇవ్వడమంటే ఏ.ఎన్.ఎం.ను తిరిగి ఊరికి ఇవ్వడమే. ఆసుపత్రి కథ రాసే యువ రచయితలు గుమాస్తా మొహంలో దుర్మార్గాన్ని వెతికే ముందు, ఆ కాగితాన్ని ఎవరు అడిగారో, ఎవరి పనిగంటలతో అది నిండుతోందో విచారించాలి.