మాట రాని బిడ్డకు పన్ను నొస్తే



"పన్ను తీయటానికి పది నిమిషాలు చాలదా? మా బిడ్డకెందుకండీ ఇన్ని ప్రశ్నలు?" అని విసుక్కునే తల్లులు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఉంటారు. వారి విసుగూ న్యాయమే. బీడీల చాట పక్కన పెట్టి, ఒకనాటి కూలి పోగొట్టుకుని, నడవలేని బిడ్డను ఎత్తుకుని బస్సెక్కి వచ్చిన మనిషి కదా! కాని ఆ ప్రశ్నలు పంటి కోసం కాదు, బిడ్డ కోసం.

బ్రిటన్ దంతవైద్యుల సంఘం వారు ఇందుకొక కొలత తయారుచేశారు. ఆరు సంగతులు చూసి, ఒక్కోదానికి సున్నా, ఏ, బి, సి అని గుర్తు వేస్తారు. మన డాక్టరు ఆ కాగితం నింపినా నింపకపోయినా, ఆ ఆరూ తల్లికి తెలిసుంటే మేలు.

మొదటిది మాట, రెండోది కుదురు. రెండూ ఒకటి కాదు సుమా! సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడికి అన్నీ అర్థమవుతుండవచ్చు, మెడా దవడా మాత్రం వాడి మాట వినవు. ఆటిజం ఉన్న పిల్ల బుద్ధిగా కూర్చుని, మిషను చప్పుడు వినగానే గది దాటి పోవచ్చు. అలాంటప్పుడు చిన్న పుప్పికి కూడా మత్తు కావలసి వస్తుంది. ఇక మాట రాని బిడ్డ నొప్పినెలా చెబుతుంది? ఇష్టమైన రొట్టె తోసేస్తుంది, ఒకవైపే నములుతుంది, చెంప కొట్టుకుంటుంది, రాత్రిళ్ళు లేచి ఏడుస్తుంది. మనమేమో మొండితనం అంటాం!

మూడోది ఒంటి జబ్బు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ వల్ల కొందరికి చిగుళ్ళు పళ్ళమీదికి పెరుగుతాయి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఇంచుమించు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. కొన్ని లోపాలకు పన్ను తీసేముందే యాంటీబయాటిక్ ఇవ్వాలి. అందుకని మందుచీటీలన్నీ సంచిలో వేసుకెళ్ళండి. పేరు తెలియకపోతే సీసానే పట్టుకెళ్ళండి.

నాలుగోది నోటి సంగతి: తీపి సిరప్పులు, అన్నం బుగ్గన పెట్టుకోవటం, ఒకరు తోమితే తప్ప తోమలేకపోవటం. ఐదోది రాకపోకలు.

ఆరోది సంతకం. బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండేదాకా, తండ్రి దుబాయిలో ఉన్నా, తల్లి సంతకం పెట్టవచ్చు. నిండాక? బిడ్డ అర్థం చేసుకుని తలూపగలిగితే ఆ ఒప్పుకోలే ముందు. లేకుంటే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల తక్కువైనవారికి, కలెక్టరు సభ్యుడుగా ఉండే కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. 2016లో జగిత్యాల, సిరిసిల్ల వేరే జిల్లాలయ్యాయి కనుక అక్కడి కలెక్టరేటులోనే అడగండి. పన్ను నొచ్చేదాకా ఆగకండి.

"సి" వచ్చిందంటే బిడ్డకు మార్కులు తగ్గినట్టు కాదు. డాక్టరుకు ఎక్కువ సమయం, ఇంకో మనిషి సాయం, ఒక్కోసారి పెద్దాసుపత్రి కావాలని అర్థం. తొలిసారి పన్ను ముట్టకుండా, కుర్చీలో కూర్చోబెట్టి అద్దం చూపించి పంపేస్తే కోపం తెచ్చుకోకండి. రెండోసారికి ఆ "సి" కాస్తా "బి" కావచ్చు.