కైరల్ అయస్కాంత ప్రభావము: అన్వేషణ పద్ధతి

భౌతికశాస్త్రమున ‘కైరాలిటీ’ యను పదము గలదు. చేయి యను నర్థముగల గ్రీకు పదము దీనికి మూలము. తెలుగున ‘చేతివాటము’ సరిపోవునుగాని, వ్యవహారమున ఆ మాటకు దొంగతనమను నర్థము స్థిరపడుటచే మేమిచట ‘వాటము’ అని మాత్రమే వాడుదుము. ద్రవ్యరాశి లేదనదగిన క్వార్కు యొక్క భ్రమణాక్షము అది పోవు దిక్కుననే యున్నచో కుడివాటము. ఎదురుదిక్కున నున్నచో ఎడమవాటము.

రెండు భారకేంద్రకములు కాంతివేగమునకు దాపైన వేగమున, నడిమినుండి కొంత తొలగి ఢీకొన్నపుడు, క్వార్కులును గ్లూయానులును విడివడిన ద్రవము క్షణకాల మేర్పడును. ప్రోటానుల గమనముచే కోటి కోట్ల టెస్లాలకు మించిన అయస్కాంతక్షేత్రము పుట్టునని గణించిరి. ఆ ద్రవమున రెండు వాటముల క్వార్కుల సంఖ్య సమము గానిచో, ధనావేశము లొకవైపునకు, ఋణావేశములు వేరొకవైపునకు క్షేత్రము వెంట తొలగవలెను. ఇదియే కైరల్ అయస్కాంత ప్రభావము. ఖర్జీవ్ మొదలగువారు 2008లో దీనిని సవిస్తరముగ వివరించిరి.

2009లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలయందలి స్టార్ బృందము అట్టి వేర్పాటును పోలిన గుర్తును ప్రకటించినది. కాని ద్రవప్రవాహమున కొట్టుకొనిపోవు అల్పాయుష్క కణములు విచ్ఛిన్నమైనను అట్టి గుర్తే కనిపించును. రెంటిని వేరుచేయు టెట్లు?

ఇచట జిర్కోనియము తోడ్పడినది. మేడ్చల్, శామీర్‌పేటలున్న జిల్లాలోనే, హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో, అణుఇంధనపు గొట్టములకు వాడు లోహమే యిది. జిర్కోనియము–96, రుథీనియము–96 కేంద్రకములు భారమున దాదాపు సమానములు. ప్రోటానులు మాత్రము వరుసగా 40, 44. కావున ప్రవాహము ఇంచుమించు సమమై, క్షేత్రము మాత్రము రుథీనియమున హెచ్చగును. ప్రభావము నిజమైనచో గుర్తును అచటనే హెచ్చవలెను. 2018లో ఈ ప్రయోగము జరిగినది. స్టార్ బృందమున తిరుపతి ఐసర్ సంస్థయు భాగస్వామి.

పరిశోధకులు గమనింపదగినది వారి పద్ధతి. ఏ దత్తాంశము ఏ మూలకమునదో తెలియకుండ మరుగుపరచి, దేనిని నిదర్శనముగ నంగీకరింతురో ముందే నిర్ణయించుకొని, ఐదు బృందములు వేర్వేరుగ గణించినవి. 2021లో ఫలితము వెలువడెను: ముందు నిర్ణయించిన నిదర్శన మేదియు కనబడలేదు. రెండు కేంద్రకములనుండి పుట్టు కణముల సంఖ్యలో స్వల్పభేద ముండుటచే పోలికయు చిక్కుపడినది. కనుక ప్రభావము లేదని తేలలేదు. కలదనుటకు ఆధారము చిక్కలేదు. జిర్కోనియము, టెల్లూరియముల స్ఫటికమున మాత్రము ఎలక్ట్రానులయందు ఈ ప్రభావము గుర్తింపబడినట్లు 2016లో ప్రచురితమైనది.

కవికాలనిర్ణయమునకును ఈ నియమము వర్తించునని మా అభిప్రాయము. ఏ సాక్ష్యము చాలునో ముందు నిశ్చయించి పిదప ప్రతులను విప్పినచో, మన కోరిక నిర్ణయమును నడుపజాలదు.