పుట్టిన గడ్డపైనే ప్రపంచ కిరీటం

మనకు క్రికెట్ ఎలాగో కెనడాకు కర్లింగ్ దాదాపు అలాగ. సుమారు 20 కిలోల గ్రానైట్ రాయిని మంచుపై జార్చి, దాని ముందు చీపుళ్లతో రుద్దుతూ వలయంలో నిలిపే ఆట ఇది. ఆ దేశంలోని సాస్కటూన్‌లో 1974లో పుట్టిన డెబీ మెక్‌కార్మిక్ పేరు తెచ్చుకున్నది మాత్రం అమెరికా తరఫున. చిన్నప్పుడే ఆమె కుటుంబం విస్కాన్సిన్‌కు తరలింది.

2003లో విన్నిపెగ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో ఆమెకు ఎదురైంది కోలీన్ జోన్స్ సారథ్యంలోని కెనడాయే. సొంతగడ్డపై ఆడుతున్న ఆ జట్టును డెబీ బృందం 5-3తో ఓడించి, అమెరికా మహిళలకు తొలి ప్రపంచ టైటిల్ తెచ్చింది. ఆ బృందంలోని అలిసన్ పాటింగర్ పుట్టిందీ కెనడాలోనే.

అయితే ఈ ఆటలో కిరీటాలు కడుపు నింపవు. ఒలింపిక్ క్రీడాకారులకు కొలువులిచ్చే పథకం కింద హోమ్ డిపో దుకాణంలో పనిచేస్తూనే డెబీ సాధన కొనసాగించింది. ఒలింపిక్స్ మాత్రం ఆమెకు కలిసిరాలేదు. 2002లో సాల్ట్‌లేక్ సిటీలో జట్టు నాలుగో స్థానంతో కాంస్యాన్ని చేజార్చుకుంది. 2010లో సారథిగా మళ్లీ కెనడా గడ్డపైకే, వాంకోవర్‌కు వెళ్తే తొమ్మిది మ్యాచ్‌ల్లో ఏడు ఓటములు.

అంతటితో ఆమె ఆట మానలేదు. 2014లో ఎరికా బ్రౌన్ సారథ్యంలో సోచీకి వెళ్లింది. అది ఆమెకు నాలుగో ఒలింపిక్స్. పతకం అక్కడా దక్కలేదు. కానీ కర్లింగ్‌లో కెనడాను దాని ఇంట్లోనే ఓడించవచ్చని అమెరికా మహిళలకు చూపించింది కెనడా ఆడపడుచే.