మాత్ర మారితే నెలసరి ఎందుకు మారుతుంది?

స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు అడిగితే బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పి అని పేరు పెట్టి చెబుతారు. నెలసరి సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం “ఒంట్లో బాగుండటం లేదు, జ్ఞాపకం చేసుకోండి” అని ఊరుకుంటారు. గర్భనిరోధక మాత్రల సంగతైతే ఆ మాత్రం మాట కూడా బయటికి రాదు. మాత్ర మార్చాక నెలసరి తేడాగా వస్తే ఆ భయాన్ని సహోదరీలు ఒంటరిగానే మోస్తారు. కొందరు కంగారుపడి మధ్యలో మాత్ర ఆపేసి, అనుకోని గర్భంతో ఆస్పత్రికి వెళ్తారు. మరికొందరు తప్పక చూపించుకోవలసిన రక్తస్రావాన్ని “మాత్ర వల్లేలే” అనుకుని నెలల తరబడి వదిలేస్తారు.

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ సంగతి మార్కు రాశాడు, వైద్యుడైన లూకా కూడా రాశాడు. సువార్తల్లో దాచని మాటను మన సంఘాల్లో గుసగుసగా మార్చుకోవలసిన పని లేదు.

ముందుగా ఒక విషయం. మాలా-ఎన్ లాంటి మాత్రలు వాడుతున్నప్పుడు నెలనెలా కనిపించే రక్తస్రావం మామూలు నెలసరి కాదు. ఆ స్ట్రిప్‌లో 28 మాత్రలుంటాయి. 21 హార్మోన్ మాత్రలు, మిగతా 7 ఐరన్ మాత్రలు. హార్మోన్ మాత్రలు వేసుకున్నన్నాళ్లు అండం విడుదల కాదు, గర్భసంచి లోపలి పొర పెద్దగా పెరగదు. ఐరన్ మాత్రల వారంలో హార్మోన్ అందక ఆ పలుచని పొర ఊడి వస్తుంది. అందుకే రక్తం తక్కువగా, చెప్పిన రోజుకే వస్తుంది. అంటే ఆ తేదీ మాత్ర ఇచ్చిందే కాని మన శరీరం నిర్ణయించుకున్నది కాదు. మాత్ర మారితే తేదీ, రక్తం, రోజులు మారడంలో ఆశ్చర్యం లేదు.

ఈ మాత్రను తొలిరోజుల్లో స్త్రీల మీద పరీక్షించిన వైద్యుల్లో ఒకరైన జాన్ రాక్ బోస్టన్‌కు చెందిన భక్తిగల కాథలిక్. అమెరికా ప్రభుత్వం 1960లో మాత్రకు అనుమతి ఇచ్చింది. తన సంఘం కూడా దీన్ని ఒప్పుకోవాలని ఆయన 1963లో పుస్తకమే రాశాడు. 1968లో పోప్ ఆరవ పౌలు ఒప్పుకోలేదు. కాథలిక్ సంఘం బోధ నేటికీ అదే. ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎక్కువ భాగం దీన్ని భార్యాభర్తల మనస్సాక్షికి వదిలేశాయి.

ఇక మార్పుల సంగతి. హార్మోన్ తక్కువగా ఉన్న మాత్రకు మారితే మొదటి రెండు మూడు నెలలు మధ్యలో చుక్కలు చుక్కలుగా మరక కనిపించవచ్చు. శరీరం అలవాటుపడితే సాధారణంగా తగ్గిపోతుంది. ఆ మరక చూసి మాత్ర ఆపకూడదు. ఆపితేనే రక్తం ఎక్కువవుతుంది, రక్షణా పోతుంది. ఇలాంటి మరో మాత్రకు మారేటప్పుడు పాత స్ట్రిప్‌లో చివరి హార్మోన్ మాత్ర వేసుకున్న మరునాడే కొత్తది మొదలుపెట్టడం మంచిది. “నెలసరి వచ్చాక చూద్దాం” అని రోజులు వదిలేయడంలోనే చాలా గర్భాలు నిలుస్తాయి. ఒక నెల రక్తం అసలు కనిపించకపోయినా, మాత్రలు ఒక్కటీ మరవకపోతే పొర పలుచబడటమే కారణం కావచ్చు. అయినా మూత్ర పరీక్ష చేసుకుంటే మనసు నిమ్మళిస్తుంది. వరుసగా రెండు నెలలు రాకపోతే డాక్టరును కలవాలి.

ఎక్కువ కంగారు పెట్టేది మాలా-ఎన్ నుంచి ఛాయాకు మారడం. ఇది లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన మన దేశపు మాత్ర. ‘సహేలి’ పేరుతో ముందునుంచీ అమ్ముతున్నారు. 2016లో ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేర్చారు. ఇందులో హార్మోన్ లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒక్కసారి వేసుకోవాలి. ఆదివారం మొదలుపెడితే మూడు నెలల దాకా ఆదివారం, బుధవారం, ఆ తర్వాత ఆదివారం ఒక్కటే. ఆరాధనకు వెళ్లే రోజు కాబట్టి మరవడం కూడా తక్కువ! ఇది నెలసరిని తేదీకి కట్టి ఉంచదు. మాలా-ఎన్‌తో గడియారంలా వచ్చింది కొందరికి ఛాయాతో ఆలస్యమవుతుంది, రక్తం తగ్గుతుంది. ఇది తెలియక “నిలిచిపోయిందేమో” అని ఇంట్లో గొడవలు పడిన దంపతులున్నారు. గడువు దాటి 15 రోజులైనా రాకపోతే గర్భం లేదని పరీక్షతో నిర్ధారించుకోవాలి.

విశ్వాసులకు ఇంకో మాట కూడా తెలియాలి. మాలా-ఎన్ ముఖ్యంగా అండం విడుదలను ఆపుతుంది. ఛాయా సాధారణంగా అండాన్ని ఆపదు. గర్భసంచిలో పిండం అతుక్కోవడానికి వీలు లేకుండా చేస్తుంది. ఫలదీకరణ దగ్గరే ప్రాణం మొదలవుతుందని నమ్మేవారికి ఈ తేడా చిన్నది కాదు. ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. తెలిసి ఎంచుకోవడం దంపతుల హక్కు, ఆ సమాచారం అడిగితే నర్సమ్మ చెప్పాలి.

మాత్ర మారకుండానే నెలసరి గజిబిజి చేసేవి కూడా ఉన్నాయి. పెళ్లికో ప్రయాణానికో నెలసరిని వాయిదా వేయడానికి మెడికల్ షాపులో కొనే మాత్ర గర్భనిరోధక మాత్ర కాదు. ఆపిన రెండు మూడు రోజుల్లో రక్తం వస్తుంది. 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్రను నెలకు రెండు మూడుసార్లు వాడితే తేదీలన్నీ తారుమారవుతాయి. క్షయ రోగానికిచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కొన్ని మందులు హార్మోన్ మాత్ర శక్తిని తగ్గిస్తాయి. మరక కనిపించడం దానికి గుర్తు కావచ్చు. టీబీ మందులు వాడుతూ మాలా-ఎన్ మీదే ఆధారపడిన సహోదరి డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి.

మూడు నెలలు దాటినా మరక తగ్గకపోతే, భర్తతో కలిసిన తర్వాత రక్తం కనిపిస్తే, మాత్ర మీద నెట్టేయకండి. గర్భసంచిలో గడ్డ, ఇన్ఫెక్షన్, థైరాయిడ్, గర్భాశయ ముఖద్వారంలో పుండు ఇవన్నీ చూడాలి. గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే, కళ్లు తిరుగుతుంటే, పొత్తికడుపులో ఒకవైపు తీవ్రంగా నొప్పి ఉంటే ఆ రోజే వెళ్లాలి. హార్మోన్ మాత్ర వాడేవారికి ఒక కాలి పిక్కలో వాపు, నొప్పి, ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారే తలనొప్పి వస్తే రేపటిదాకా ఆగకూడదు. బీపీ ఉన్నవారు, పాలిచ్చే తల్లుల్లో బిడ్డకు ఆరు నెలలు నిండనివారు మాలా-ఎన్‌ను సొంతంగా మొదలుపెట్టకూడదు.

బోయిగూడవారికి గాంధీ ఆస్పత్రి నడిచి వెళ్లే దూరం, చిన్న సందేహాలకు బస్తీ దవాఖానా, ఆశా అక్క ఉన్నారు. వెళ్లేటప్పుడు పాత స్ట్రిప్, కొత్త స్ట్రిప్ రెండూ చేతిలో పెట్టుకోండి. గడిచిన మూడు నెలల్లో రక్తం కనిపించిన తేదీలు, మరిచిపోయిన మాత్రలు, వాడుతున్న ఇతర మందులు ఒక కాగితం మీద రాసుకోండి. భర్తను కూడా తీసుకెళ్లండి, ఆ కాగితం ఆయనే చదివి వినిపించినా సరే.