వరి నాట్ల కూలీల్లో దీర్ఘకాలిక నడుము నొప్పి: రకాల గుర్తింపు, అంచనా

స్వర్ణముఖి తీరంలోని నాయుడుపేట పరిసరాల్లో వరి సాగులో నారు పీకడం, నాట్లు వేయడం, కలుపు తీయడం ఎక్కువగా మహిళా కూలీలే చేస్తారు. ఈ మూడు పనులకూ గంటల తరబడి నడుము వంచే ఉండాలి. అలా ఎక్కువసేపు వంగినప్పుడు నడుము కండరాలు అలసి, భారం వెన్నెముక స్నాయువులపైన, డిస్కులపైన పడుతుంది. "నాట్లకు పోతే నొప్పి మామూలే" అని సరిపెట్టుకోవడం వల్ల సమస్య ముదిరాక గానీ బయటపడదు.

12 వారాలకు మించి కొనసాగే నొప్పిని దీర్ఘకాలికంగా పరిగణిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. సుమారు 90 శాతం మందిలో నిర్దిష్ట కారణం కనిపించదు.

రకాలు:

1. సాధారణ నొప్పి: నడుముకే పరిమితమై, వంగినా బరువెత్తినా పెరిగి, భంగిమ మారిస్తే తగ్గుతుంది.

2. నరాల నొప్పి: పిరుదు నుండి మోకాలి కిందికి లాగుతుంది, తిమ్మిరి, మంట ఉంటాయి. వెల్లకిలా పడుకోబెట్టి, కాలిని మడవకుండా 30–70 డిగ్రీలు ఎత్తినప్పుడు కాలిలో అదే నొప్పి వస్తే నరంపై ఒత్తిడిని అనుమానించాలి.

3. వ్యాధి సంబంధ నొప్పి: జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ తగ్గని నొప్పి ఉంటే వెన్నెముక క్షయ వంటి వాటికి పరీక్ష అవసరం. మూత్రంపై అదుపు తప్పినా, కూర్చునే భాగం మొద్దుబారినా అదే రోజు ఆసుపత్రికి పంపాలి.

అంచనా విధానం:

నొప్పి తీవ్రతను 0–10 కొలమానంపై నమోదు చేయాలి. దైనందిన పనులపై ప్రభావానికి ఆస్వెస్ట్రీ సూచిక ఉపయోగపడుతుంది. ఇందులో 10 అంశాలకు ఒక్కొక్కదానికి 0–5 మార్కులుంటాయి. 50కి 18 వస్తే 36 శాతం. 21–40 శాతం మధ్యస్థ అశక్తత. బిందె ఎత్తడం, గొంతుక్కూర్చోవడం వంటివి సూచికలో కలపకుండా విడిగా అడగాలి. నాట్లకు ముందు, నాట్లు ముగియగానే, ఆపై 12 వారాలకు మూడుసార్లు కొలిస్తే అలసట నొప్పి, దీర్ఘకాలిక నొప్పి వేరుపడతాయి.

నివారణ:

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు వ్యాయామాన్ని, అవగాహనను సూచించాయి. నడుము బెల్టులను సిఫారసు చేయలేదు. అనుకూల పరిస్థితుల్లోనూ ఒకరు ఎత్తే బరువు 23 కిలోలు మించరాదని అమెరికా నియోష్ సంస్థ సూత్రం చెబుతుంది. యూరియా బస్తా 45 కిలోలు. కాబట్టి దానిని ఇద్దరు పట్టాలి.

డ్రమ్ సీడర్, నాటు యంత్రం వంగే పనిని తగ్గిస్తాయి. అయితే నొప్పితోపాటు కూలీ కూడా పోతే ఆ మహిళలకు మేలు జరగదు. యంత్రాల నిర్వహణలో వారికే శిక్షణ ఇచ్చి, అద్దె ఆదాయం మహిళా సంఘాలకు చేరేలా విస్తరణ శాస్త్రవేత్తలు ప్రణాళిక వేయాలి.