కొండ మట్టి... కొండ మీదే!

అరకు రైలెక్కితే సొరంగాలు, లోయలు, పచ్చగా విరబూసిన వలిసె పూలు... చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ జోరు వానల్లో ఆ దారిన వెళ్లేవాళ్లు ఓసారి గెడ్డల వైపు కూడా చూడాలి. చిక్కటి టీలా ఎర్రగా పరుగులు తీస్తుంటాయవి. ఆ రంగు ఎక్కడిదనుకుంటున్నారు? ఎగువన ఏ వాలులోనో చోళ్లు, సామలు పండాల్సిన మట్టిది!

విశాఖ మన్యంలో (2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా) కొండపోడు తాతల నాటి సేద్యం. వాలులో తుప్పలు నరికి, ఎండాక కాల్చి, ఆ బూడిదే ఎరువుగా చోళ్లు, సామలు, కందులు కలిపి చల్లుతారు. రెండు మూడేళ్లకు సారం తగ్గితే ఆ చోటు వదిలేసి మరో వాలుకి వెళ్లేవారు. వదిలిన చోట మళ్లీ చెట్లు మొలిచేవి, నేల కోలుకునేది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో అడవులు రిజర్వు అయ్యాయి. పోడుపై ఆంక్షలు వచ్చాయి. 1922-24 మన్యం తిరుగుబాటుకు అదీ ఓ కారణమే. తర్వాత జనం పెరిగారు, భూమి పెరగలేదు. నేలకిచ్చే విశ్రాంతి ఏటికేడు తగ్గిపోయింది.

చినుకే గునపం
చెట్టు ఉంటే వాన ముందు ఆకుల మీద పడుతుంది. రాలిన ఆకుల్లోంచి మెల్లగా నేలలోకి ఇంకుతుంది. బోడి వాలు మీద ఆ అడ్డేదీ ఉండదు. చినుకు దెబ్బకు మట్టి రేణువులు విడిపోతాయి, పారే నీళ్లు వాటిని మోసుకుపోతాయి. వాలు ఎంత నిటారుగా ఉంటే ఆ వేగం అంత ఎక్కువ. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందాన మట్టి కొట్టుకుపోతే ఎంతనుకున్నారు? దాదాపు 5 టన్నులు! కంటికి మాత్రం ఏమీ తేడా కనిపించదు. పోయేది పైపొర, అంటే పంటకు తిండి పెట్టే పొర.

ఈ నష్టం గిరిజనులది మాత్రమే కాదు. అనంతగిరి కొండల్లో పుట్టే శారద నీళ్లు రైవాడకు, గోస్తని నీళ్లు తాటిపూడికి చేరతాయి. విశాఖ కుళాయిలకు ఈ రెండు జలాశయాలూ ఆధారమే. అడుగున మట్టి ఎంత చేరితే, నీళ్లకు చోటు అంత తగ్గుతుంది.

కాఫీ కాసిన కాపు
మరి దారేమిటి? ఒకటి మన్యంలోనే ఉంది... కాఫీ. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకు పాకే మిరియాలు. ఏటా దున్నే పని లేదు, నేల ఎప్పుడూ ఆకుల దుప్పటి కిందే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నీడ చెట్లను పెద్ద ఎత్తున కూల్చేసినా రైతులు తోటలు వదల్లేదు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపూ దక్కింది.

అయితే కాఫీతో కుండలో అంబలి కాగదు. తిండి గింజలకూ వాలు కావాలి. అందుకూ ఉపాయాలున్నాయి. వాలుకు అడ్డంగా విత్తడం, ఏరిన రాళ్లతో గట్లు వేయడం, గట్ల మీద వట్టివేరు నాటడం. ఫిలిప్పీన్స్‌లోని మిండనావో దీవిలో 1970లలో ఇలాంటి పద్ధతికే రూపమిచ్చారు. వాలుకు అడ్డంగా వరసలుగా గిరిపుష్పం లాంటి పొదలు పెంచి, ఆ వరసల మధ్య పంట వేస్తారు. పొదలు మట్టిని ఆపుతాయి, కత్తిరించిన కొమ్మలు ఎరువవుతాయి. అంత దూరం ఎందుకు, మన పొరుగు కొండల్లో సవరలు రాతి గోడలు కట్టి మెట్ల పొలాల్లో వరి పండించడం ఏనాటి నుంచో ఉన్నదే!

గట్టు వేయాలంటే చెమట ఖర్చవుతుంది. రేపు ఖాళీ చేయమంటారేమోనన్న భయమున్న నేలలో ఎవరు వేస్తారు? అందుకే 2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడ కీలకం. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి 4 హెక్టార్ల వరకూ హక్కు ఇవ్వొచ్చంటుందది. చేతికి పట్టా వస్తే, పక్కనే ఉపాధి హామీ పనుల్లో రాతి గట్లు పడితే... కొండ మట్టి కొండ మీదే ఉంటుంది. గిరిజనుడి కంచంలో అన్నం, పట్నంలో బిందెడు నీళ్లు... రెంటికీ అదే భరోసా.