షిర్డీ దారిలో లోనార్ బిలం: గట్టు చుట్టూ మూడు గంటల నడక

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి షిర్డీ సాయిబాబా దర్శనానికి వెళ్లేవారు ఏటా ఎందరో ఉంటారు. బతుకుదెరువు కోసం భివండి, ముంబయి చేరిన నేత కుటుంబాలకూ ఆ దారి కొత్త కాదు. నిజామాబాద్‌లో అజంతా ఎక్స్‌ప్రెస్ గానీ, దేవగిరి ఎక్స్‌ప్రెస్ గానీ ఎక్కితే బాసర, నాందేడ్, పర్భణీ, జాల్నా వరుసగా వస్తాయి. ఆ జాల్నాకు సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, మహారాష్ట్రలోని బుల్ధానా జిల్లాలో లోనార్ అనే చిన్న పట్టణం ఉంది. ఊరి పక్కనే నేల ఒక్కసారిగా గిన్నెలా కుంగిపోయి, అడుగున ఆకుపచ్చని చెరువు కనిపిస్తుంది. షిర్డీ వెళ్లివచ్చే మనవారిలో ఇక్కడ ఆగేవారు మాత్రం తక్కువే. ప్రయాణంలో ఒక రోజు కలుపుకుంటే చాలు, ఈ వింతను కాలినడకన చుట్టి రావచ్చు.

ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దూరం దాదాపు 1.8 కిలోమీటర్లు. లోతు సుమారు 137 మీటర్లు. ఏడెనిమిది తాటిచెట్లను ఒకదానిపై ఒకటి నిలబెడితే గానీ అడుగు నుంచి అంచు అందదు. గుంత చుట్టూ అంచు మాత్రం పక్క పొలాలకన్నా 20 మీటర్ల వరకు ఎత్తుగా లేచి, కట్ట పోసినట్టుగా ఉంటుంది. అందువల్ల ఊళ్లో నుంచి వెళ్లేవారికి దగ్గరకు చేరేదాకా ఏమీ కనిపించదు. గట్టెక్కగానే కాళ్ల ముందు లోయ తెరుచుకుంటుంది. లోపలి వాలు నిండా చెట్లు, ఆ చెట్ల నడుమ నెమళ్లు, కొండముచ్చులు, అట్టడుగున చెరువు.

పట్నం వాళ్లు ఇలాంటి నడకకు ట్రెక్కింగ్ అని పేరు పెట్టి, బూట్లు, సంచులు కొనుక్కొని మరీ వస్తారు. రోజూ పొలం గట్ల మీద తిరిగే వారికి ఇందులో కష్టమేమీ లేదు. అంచు చుట్టుకొలత 6 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆగుతూ, చూస్తూ నడిచినా మూడు గంటల్లో పూర్తవుతుంది. పెద్ద ఎక్కుడు దిగుడు లేదు. కొన్నిచోట్ల బాట స్పష్టంగా ఉండదు, ముళ్లకంపలు అడ్డం వస్తాయి. చెప్పుల కన్నా పాదాన్ని పట్టి ఉంచే బూటు మేలు. వదులు రాళ్లున్న చోట అంచుకు మరీ దగ్గరగా పోరాదు. పిల్లల చేయి వదలరాదు.

కిందికి దిగాలనుకునే వారికి ఊరి వైపున గోముఖ్ ఆలయం దగ్గర దారి ఉంది. ఇక్కడి ధార ఏడాది పొడవునా పారుతుంది. ఆ నీరు తియ్యన. అదే నీరు దిగువన చెరువులో కలిసేసరికి ఉప్పగా, చవుడుగా మారుతుంది! లోపలికి వచ్చిన నీటికి బయటికి పోయే దారి లేదు. ఎండకు నీరు ఆవిరై పోతుంది, లవణాలు మాత్రం అక్కడే మిగిలి ఏళ్ల తరబడి పేరుకుంటాయి. వెనుకటి కాలంలో సబ్బు, గాజు తయారీకి పనికివచ్చే క్షారం ఇక్కడ దొరికేదని అక్బరు నాటి అయినీ అక్బరీలోనే రాశారు.

చెరువు ఒడ్డున కమలజాదేవి గుడి, చెట్ల మధ్య శిథిలమైన పాత గుళ్లు ఉన్నాయి. నవరాత్రులలో అమ్మవారి జాతర జరుగుతుంది. ఊళ్లో ఉన్న దైత్యసూదన ఆలయం శిల్పాలు తీరికగా చూడదగ్గవి. వేములవాడ గుళ్ల రాతిపని చూసిన కళ్లకు అవి తప్పక నచ్చుతాయి. స్థలపురాణం ప్రకారం లవణాసురుడనే రాక్షసుడు నేలలో దాక్కుంటే, విష్ణువు దైత్యసూదనుడై వచ్చి వాడిని చంపాడు. ఈ గుంత వాడి గుహ, ఈ నీరు వాడి రక్తం. రామాయణంలో శత్రుఘ్నుడు చంపిన లవణుడి కథ వేరు.

చదువుకున్నవారు చెప్పిన కథ కూడా చాలాకాలం తప్పుగానే సాగింది. 1823లో అలెగ్జాండర్ అనే ఆంగ్లేయ అధికారి ఈ బిలాన్ని గురించి నమోదు చేసిన తర్వాత, ఇది చల్లారిన అగ్నిపర్వతపు నోరని పండితులు రాస్తూ వచ్చారు. వారి అనుమానంలో అర్థం లేకపోలేదు. చుట్టూ ఉన్నదంతా లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయే. మన జగిత్యాల, సిరిసిల్ల వైపు గుట్టలు గ్రానైటువి. బాసర దాటి, భైంసా, ముధోల్ వైపు వెళ్లేకొద్దీ నల్లరాయి, నల్లరేగడి మొదలై మహారాష్ట్రలో చాలా భాగం పరుచుకుంటాయి. ఆ లావా సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పారింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. 2010లో రాతిలోని ఆర్గాన్ వాయువును బట్టి కట్టిన లెక్క ప్రకారం బిలం వయసు సుమారు 5 లక్షల 70 వేల ఏళ్లు. అంతకుముందు వేరే పద్ధతిలో కట్టిన లెక్కలో 50 వేల ఏళ్లే వచ్చింది. ఏ లెక్క చూసినా ఈ గుంత పడే నాటికి లావా పొయ్యి ఆరి కోట్ల ఏళ్లయింది. అమెరికాలోని అరిజోనా గుంతతో దీనికి పోలిక ఉందని గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1896లోనే గుర్తించాడు. చివరికి అమెరికా శాస్త్రజ్ఞులు, మన భూగర్భ సర్వే శాఖ వారు కలిసి గుంత అడుగున బోర్లు వేసి, 1973లో సంగతి తేల్చారు. అడుగు రాళ్లలో మాస్కెలినైట్ అనే గాజు దొరికింది. అది పొయ్యి వేడికి పుట్టేది కాదు, భయంకరమైన దెబ్బ తగిలితేనే పుట్టేది. ఆకాశం నుంచి వచ్చిన ఉల్క మహావేగంతో ఇక్కడ పడిందన్నమాట. బురదలో బండ విసిరితే చుట్టూ అంచు లేచినట్టుగా నల్లరాతి పొరలు లేచి వెనక్కి మడతపడ్డాయి. గట్టు మీద నడిచేటప్పుడు కొన్నిచోట్ల ఆ వాలిన పొరలు కంటికే కనిపిస్తాయి. చంద్రుడి మీది గుంతలను అర్థం చేసుకోవడానికి శాస్త్రజ్ఞులు ఈ నల్లరాతి గుంతను పరిశీలిస్తుంటారు.

(నిజమైన అగ్నిపర్వత బిలమే చూడాలంటే సౌదీ వెళ్లిన మనవారికి అవకాశం ఉంది. తాయిఫ్‌కు దూరంగా ఎడారిలో వహ్బా అనే బిలం ఉంది. 250 మీటర్ల లోతు, అడుగున తెల్లని లవణపు పొర. చలికాలం సెలవు రోజున తప్ప అటు పోరాదు.)

గుంత కథ తేలింది గానీ చెరువు క్షేమం తేలలేదు. 2020 జూన్‌లో నీరంతా గులాబీ రంగుకు మారింది. నీరు తగ్గి ఉప్పు పెరగడంతో, ఉప్పునీటిలోనే బతికే సూక్ష్మజీవులు పెచ్చుమీరాయని పుణెలోని అగార్కర్ పరిశోధన సంస్థ తేల్చింది. వానలతో ఆ రంగు పోయింది. అదే ఏడాది నవంబరులో ఈ చెరువు రామ్‌సర్ జాబితాకెక్కి, అంతర్జాతీయ గుర్తింపు పొందిన చిత్తడి నేల అయింది. ఊరి మురుగు ఇందులో చేరడంపై దాఖలైన వ్యాజ్యాన్ని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి విచారించింది. ఈ ఉప్పునీరు పలచబడినా, మురికి పట్టినా ఇందులోని అరుదైన జీవులు బతకవు. కాబట్టి మనవారు అక్కడికి పోయినప్పుడు నీటిలో బట్టలు పిండడం, కొబ్బరిచిప్పలు వేయడం, ప్లాస్టిక్ సంచులు వదలడం తగదు. గుర్తుకని రాళ్లు ఏరుకొని తేవద్దు. 1973లో సంగతి తేల్చింది అలాంటి రాళ్లే. మన కరీంనగర్ వైపు గుట్టలెన్నో గ్రానైటు బండలై లారీలెక్కి పోయాయి. ఏ గుట్ట రాతిలో ఏ కథ దాగి ఉందో అడిగేందుకు ఇక ఆ గుట్టలే లేవు.

వానలు వెనుకపట్టిన అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇక్కడి నడకకు అనువైన కాలం. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఒక్కొక్కరు రెండు లీటర్ల నీళ్లు, సద్దిమూట వెంట ఉంచుకోవాలి. గుంతలో దొరికే నీళ్లు తాగడానికి లెక్కలోకి రావు. ఇది 2000 సంవత్సరం నుంచి వన్యప్రాణి అభయారణ్యం గనుక లోపలికి వెళ్లే వేళలు అటవీ సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. గట్టు దగ్గరలో మహారాష్ట్ర పర్యాటక సంస్థ విడిది ఉంది. తెల్లవారుజామున గట్టు చుట్టి, ఎండ ముదరకముందే దిగి పైకి చేరడం మంచిది. దిగడానికి అరగంట పడితే ఎక్కడానికి గంట పెట్టుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు గోముఖ్ ధార దగ్గర కూర్చుని చెరువును చూడవచ్చు. అక్కడ నీడ ఉంటుంది.